చెవి గడపలో రాలిన బొగ్గు

ఐలవ్వ పొద్దున లేచి మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టిందంటే బొగ్గు బాయిల వాళ్లుండే యైటింక్లైన్ కాలనీలో గడియారం చూసేవాళ్లు ఉండరు. తడి తువ్వాల మంచం మీద ఎందుకు పడేశావన్న తిట్టుకు మొదటి షిఫ్టు వాళ్లు లేచేవారు. గుమ్మం ముందు పారేసిన బీడీ ముక్కల దగ్గరికి వచ్చేసరికి స్నానాలు అయ్యేవి. ఎప్పుడో తమ పెళ్లిలో ఆమె మేనమామకు వడ్డించని మాంసం కూర దగ్గరికి వచ్చిందంటే ఇక సైకిళ్లు బయటికి తీయాల్సిందే. ఆ గొంతుకు పవర్‌హౌస్ పొగగొట్టాల మీది కాకులు లేచి, గోదావరి దాటి, అవతలి ఒడ్డు జైపూర్‌లో వాలేవి. సాయంత్రానికి గానీ తిరిగొచ్చేవి కావు. అబద్ధమనుకుంటే జైపూర్ రైతులను అడగండి. వాళ్ల కల్లాల్లో వడ్లు తిన్న కాకులన్నీ ఐలవ్వ లేపి పంపినవే.

ఆ తిట్లన్నీ తినే మనిషి నర్సింగం. మంచం పట్టె మీద కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుని, వానలో నిలబడ్డ బర్రెలాగా కళ్లు సగం మూసుకుని వినేవాడు.

"ఇంటున్నవా, నేను గోడకు చెప్తున్ననా?" అని ఐలవ్వ మధ్యలో ఆగి అడిగేది.

"ఇంటున్ననే. కూర కాడ ఉన్నవ్. కానియ్."

అంతే, ఐలవ్వ మళ్లీ అందుకునేది. వాళ్ల కాపురంలో ముద్దూ మురిపెం ఏమైనా ఉందంటే అది ఇదే.

నర్సింగం బాయిలో హాలర్ నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజన్ అది. దాని దగ్గర కూర్చున్నవాడికి టబ్బులు కనపడవు. తాడు చీకట్లోకి పోతుంది, కింద ఉన్నవాళ్లు గంట కొడతారు. ఒక్క గంటకు ఆపాలి, రెండు గంటలకు లాగాలి, మూడింటికి దించాలి. గంట వినపడనివాడి చేతిలో ఆ ఇంజన్, గుడ్డివాడి చేతిలో లారీ ఒకటే. నర్సింగం చెవులు ఎంత గొప్పవంటే, బాయి అడుగున ఎలుక తుమ్మితే అది ఆడదో మగదో చెప్పేవాడని టబ్బుల వెంట నడిచే పోశం ఒట్టేసి చెప్పేవాడు.

అలాంటి చెవులు ఒక ఎండాకాలం చెప్పాపెట్టకుండా పోవడం మొదలుపెట్టాయి. ముందు దోమలు పోయాయి. గోదావరిఖనిలో దోమలు తగ్గాయని నర్సింగం నలుగురితో సంతోషంగా చెప్పాడు కూడా. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు పోయింది. పొయ్యి మీద అన్నం ఉడికే గుడగుడ పోయింది. పక్కింటి మల్లక్క టీవీ పోయింది, దానికైతే దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు గంట పోయింది.

కింద పోశం ఒక్క గంట కొట్టాడు. టబ్బు పట్టా తప్పింది, ఆపమని. ఇంజన్ ఆగలేదు. ఇంకోటి కొట్టాడు, ఇంకోటి కొట్టాడు. ఇనుప తాడు టబ్బులను ఈడ్చుకుంటూ వస్తూనే ఉంది. ఒక దాని మీద ఒకటి ఎక్కి, పెళ్లి ఊరేగింపులో తాగినవాళ్లలాగా పడ్డాయి. పోశం పక్క గోడలోని సందులోకి దూకి బతికాడు. ఒక బూటు మాత్రం టబ్బుల కింద మిగిలింది.

ఒంటి బూటుతో పైకి వచ్చి పోశం నర్సింగం కాలర్ పట్టుకున్నాడు. నర్సింగం చూస్తుండగా పోశం నోరు తెరుచుకుంది, మూసుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. ఒక్క మాట రాలేదు. నర్సింగం కుడి భుజం మీద ఏదో వెచ్చగా పడి, జారి, కాళ్ల దగ్గర దొర్లింది. చింతగింజంత బొగ్గు. తర్వాత ఇంకోటి. తర్వాత గుప్పెడు.

పోశం తిట్టడం ఆపి వంగి చూశాడు. ఒక ముక్క తీసి ల్యాంపు వెలుగులో తిప్పాడు. తన మాటలు ఆ మనిషి చెవి గడప దాకా పోయి, లోపలికి పోలేక, బొగ్గై రాలుతున్నాయని అర్థమైంది. పారేయడం ఎందుకని అన్నీ ఏరి టబ్బులో వేశాడు. అప్పుడు నర్సింగం పక్కన కూర్చుని, మెల్లగా ఆయన చేతిని ఇంజన్ పిడి మీది నుంచి తీసేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఐలవ్వకు సంగతి తెలియదు. తడి బూట్లతో లోపలికి వచ్చినందుకు మొదలుపెట్టింది. ఊపిరి తీసుకునేసరికి మొగుడి కాళ్ల దగ్గర తట్టెడు బొగ్గు. పెద్ద పెద్ద పెళ్లలు, నల్లగా మెరుస్తున్నాయి. ఐలవ్వ ఆ బొగ్గునూ మొగుడి మొఖాన్నీ మార్చి మార్చి చూసింది. వెళ్లి వెదురు తట్ట తెచ్చి ఆయన చెవి కింద పెట్టింది.

"ఇంటున్నవా?" అంది, ఈసారి చాలా మెల్లగా.

తట్టలో ఆవగింజంత పొడి రాలింది.

* * *

మర్నాటి నుంచి ఆ ఇంటికి జనం రావడం మొదలైంది. పరామర్శకు అనుకునేరు. అభినందించడానికి!

బొగ్గు బాయిల ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. బాయిలో పనిచేసేవాడు రోగంతో ఇక పనికి రాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. నర్సింగానికి పెళ్లీడుకు వచ్చిన కొడుకు వీరేందర్ ఉన్నాడు. డిగ్రీ చదివి, ఎక్కని ఆఫీసు మెట్టు లేక, చౌరస్తా నుంచి షేర్ ఆటో తోలుతున్నాడు. మరి అలాంటి ఇంట్లో తండ్రి చెవులు పోవడం అంటే కాలనీ లెక్కలో లాటరీ తగలడమే. మల్లక్క చక్కెర తెచ్చి ఐలవ్వ నోట్లో పోసింది. వెనక క్వార్టర్ సదయ్య వచ్చి తలుపు దగ్గరగా వేసి, నర్సింగం పక్కన కూర్చున్నాడు.

"బావా, నాకొక్కనికే చెప్పు. ఏం పోసుకున్నవ్?"

"ఇనవడ్తలేదు సదన్నా!" నర్సింగం అరిచాడు. చెవులు పోయినవాళ్లందరిలాగే ఆయనకీ తన గొంతు ఎంత పెద్దదో తెలియడం లేదు.

"అరెరె, ఏం యాక్టింగు బావా! పైనుంచి బొగ్గు గూడ రాలవట్టె. పక్కా కేసు. జిల్లేడు పాలా? ఆముదమా? నాది మోకాలు నొప్పి, బోర్డోళ్లు నమ్ముతలేరు. పుణ్యముంటది, మందు చెప్పు."

నర్సింగం ఆయన పెదవుల వైపు చూశాడు. ఏదో దయగా అడుగుతున్నాడనుకుని, సదయ్య రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. సదయ్య అంతకన్నా మెచ్చుకుని, కింద రాలింది లుంగీలో కట్టుకుని పోయాడు.

నర్సింగానికి కావలసింది ఒక్కటే, చెవులు. ఏ మందు తిని పోగొట్టుకున్నావని ఊరంతా అడుగుతుంటే, ఏ మందుకు తిరిగొస్తాయని ఆయన ఊళ్లు తిరిగాడు. ముందు కంపెనీ దవాఖాన. అక్కడ చెవి డాక్టరు రాంప్రసాద్ గారు, కోస్తా మనిషి, మెత్తటివాడు. చెవిలో దీపం పెట్టి చూశాడు. గాజు గదిలో కూర్చోబెట్టి మిషన్ తగిలించాడు. బొమ్మలు తీయించాడు. చివరికి కుర్చీ దగ్గరికి జరుపుకుని నిజాయితీగా చెప్పేశాడు.

"చూడండి నర్సింగం గారూ, చెవిలో ఏ లోపమూ కనపడటం లేదండి. నరం కూడా బాగుంది. ఎందుకు వినపడటం లేదో నాకు తెలియడం లేదు."

ఆ మాటలు బల్ల మీద వరసగా రాలాయి, నీళ్లతో కడిగినట్టు శుభ్రంగా. డాక్టరు గారు వాటిని అరచేత్తో బుట్టలోకి తోసి, నర్సింగం భుజం తట్టి, కరీంనగర్ వెళ్లమని చేత్తో దారి చూపించాడు.

కరీంనగర్ డాక్టరు అదే చెప్పాడు. హైదరాబాద్ పెద్ద డాక్టరు అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆ బొగ్గు అంటుకోవడానికి చాలాసేపు పట్టిందట. చెవి వెనక మిషన్ పెట్టించుకుంటే మాటలు ముక్కలుగా కాక పొడిగా రాలాయి, అంగీ ఖరాబైంది తప్ప ఏమీ లాభం లేదు. వెల్లుల్లి కాచిన నూనె పోశారు. జిల్లేడాకు రసం పిండారు. మందమర్రిలో ఒక ముసలాయన చెవిలో మంత్రం ఊదితే అది కూడా బొగ్గై రాలి, ఆయన గడ్డం నల్లబడింది. గోదావరి ఒడ్డు మీది సమ్మక్క జాతరకు నర్సింగం తన ఎత్తు బెల్లం తూగించి మొక్కు చెల్లించాడు. వెండితో చెవి చేయించి గద్దె దగ్గర పెట్టాడు. డప్పులు అన్ని దిక్కులా మోగుతున్నాయి. ఆయన చుట్టూ మోకాళ్ల లోతు బొగ్గు పేరుకుంది. వీరేందర్ వెనక నిలబడి చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని మొక్కుతున్నాడు. వాడు అంత భక్తిగా మొక్కడం నర్సింగం ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక వీరేందర్ తండ్రి ముందు కూర్చుని, పెదవులు కదిలించి కదిలించి చెప్పాడు. "నీ చెవులు మంచిగైతయి బాపు. ఫికర్ చెయ్యకు."

ఐలవ్వ ఆ ముక్కలు పొయ్యిలో వేసింది. అన్ని మాటలూ ఒకేలా మండవని ఆమెకు అప్పటికి అనుభవమే. తిట్లు నిప్పు కణికల్లా మండేవి. మొహమాటం మాటలు చిటపటమనేవి. అబద్ధాలు పొగ పెట్టేవి. ఆ పూట ఇల్లంతా పొగ. నర్సింగం దగ్గుతూ బయటికి వచ్చాడు. ఐలవ్వ ఊదుగొట్టంతో ఊదుతూ, కళ్లు తుడుచుకుంటూ, కొడుకును ఏమీ అడగలేదు.

* * *

చెవులు పోయినవాడి చుట్టూ నిశ్శబ్దం ఉంటుందనుకుంటారు. నర్సింగం చుట్టూ ఉన్నంత మంది మాట్లాడేవాళ్లు ఆ జిల్లాలో ఎవరి చుట్టూ ఉండి ఉండరు. కాలనీలో ఏ ఇంట్లో బొగ్గు అయిపోయినా ఆడవాళ్లు తట్ట పట్టుకుని వచ్చేవారు. మల్లక్క తన అత్త కథ మొదలుపెడితే రెండు పూటల వంటకు సరిపోయేది. పూలమ్మకు కథలు రావు, పాపం, కూరగాయల ధరలు చదివేది. పెళ్లి పందిట్లో వంట ఉందంటే మాటకారిని ఒకణ్ణి తెచ్చి నర్సింగం ముందు కూర్చోబెట్టేవారు. వాళ్లు వచ్చేవారు, ఆయన చెవి వైపు నోరు పెట్టి మాట్లాడేవారు, తట్ట నిండగానే లేచిపోయేవారు. ఆయన కళ్లలోకి చూసి మాట్లాడినవాళ్లు లేరు. చేద వేసేవాళ్లు బావి మొఖం చూస్తారా?

మొదట్లో ఆయన వాళ్ల పెదవులను పట్టుకోవాలని చూసేవాడు. ఒకటి రెండు మాటలు దొరికితే సంతోషంగా జవాబు చెప్పేవాడు. "ఔ మల్లక్కా, మీ అత్త మంచిది కాదు!" అని ఆయన అరిస్తే, మల్లక్క ఉలిక్కిపడి పక్క వాకిలి వైపు చూసేది. తట్ట ఇంకా నిండలేదు కాబట్టి తలూపి మళ్లీ మొదలుపెట్టేది. కొన్నాళ్లకు ఆయన పెదవులు చూడటం మానేశాడు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎక్కడో చూస్తూ కూర్చునేవాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఐలవ్వది. ఐలవ్వ తిట్టడం మానేసింది.

"ఎందుకక్కా తిడ్తలేవు? కాకులు కదుల్తనే లేవు," అని మల్లక్క అడిగింది.

"ఏమని తిట్టాలె? తిడితే మనిషి మొఖంల ఏదన్న కదలాలె. తట్టల చప్పుడైతే ఏం లాభం? పొయ్యి కోసం మొగుణ్ణి తిట్టిన అన్న పేరొద్దు నాకు," అంది ఐలవ్వ.

నర్సింగం చూసేవాడు. పొద్దున ఆమె చాయ్ తెచ్చి పెట్టేది, తడి తువ్వాల తీసి తీగ మీద వేసేది, బీడీ ముక్కలు ఊడ్చేది. నోరు మూసుకుని. ఆయన కావాలని తువ్వాల మళ్లీ మంచం మీద పడేసేవాడు. ఆమె మళ్లీ తీసి వేసేది. ఒకరోజు బురద బూట్లతో వంటింట్లోకి నడిచి, పొయ్యి దాకా వెళ్లి, ఆమె ముందు నిలబడ్డాడు. ఐలవ్వ ఆ బూట్లను చూసింది. తడి గుడ్డ తెచ్చి, ఆయన అడుగులను ఒక్కొక్కటీ తుడిచింది. నర్సింగం వాకిట్లోకి వచ్చి గోడకు తల ఆనించుకున్నాడు. ఆయనకు తను చచ్చిపోయినట్టు, తన దినాలకు వాళ్లంతా వచ్చి తింటున్నట్టు అనిపించేది.

తెలంగాణ కోసం అందరూ కలిసి సమ్మె కట్టినప్పుడు బాయిలన్నీ బందయ్యాయి. బొగ్గు బెల్టు మొత్తంలో ఒక్క టబ్బు కదలలేదు. నర్సింగం కూడా అందరితో పాటు చౌరస్తాలో నిలబడ్డాడు. వేలమంది జై తెలంగాణ అన్నారు. ఆయన కాళ్ల దగ్గర లారీ లోడు బొగ్గు పడింది. వాళ్లు ఇంకోసారి అన్నారు, ఆయన నడుము దాకా మునిగాడు. యూనియన్ లీడరు బాబూరావు చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఓ నర్సన్నా! నీకు దండం పెడ్త, ఇంటికి పో! అందరం బొగ్గు బంద్ వెడితే నువ్వొక్కనివే ఉత్పత్తి చేయవడ్తివి! పేపరోళ్లు చూస్తే మన ఇజ్జత్ పోతది!"

ఆ మాటలూ రాలాయి. బాబూరావు వాటిని హడావిడిగా కాలితో పక్కకు తన్ని, ఇద్దరు మనుషులను ఇచ్చి నర్సింగాన్ని ఇంటికి పంపించాడు. తెలంగాణ అంతా కలిసి అరుస్తున్న రోజుల్లో నర్సింగం ఒక్కడే తలుపు వేసిన ఇంట్లో కూర్చున్నాడు. అందరూ ఏమని అరుస్తున్నారో ఆయనకు తెలుసు. ఎలా అరుస్తున్నారో తెలియదు.

* * *

సమ్మె అయిపోయాక బోర్డు నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. మిషన్లలో చెవులు బాగున్నాయని అంతకుముందు వెనక్కి పంపేశారు. నర్సింగానికి నౌకరి దిగిపోయే వయసు దగ్గరపడింది. ఈసారి బోర్డు అన్‌ఫిట్ చేయకపోతే ఇక కొడుక్కి నౌకరి వచ్చే దారి మూసుకుపోతుంది. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. బోర్డు కొత్తగూడెంలో. ముగ్గురూ రామగుండం స్టేషన్లో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కారు.

వరంగల్ దాటేసరికి నర్సింగం సీటు కింద బొగ్గు నిండింది. పెట్టెలో ఉన్నవాళ్లు ఎవరి మాటలు వాళ్లు ఏరుకుని సంచుల్లో వేసుకున్నారు. డోర్నకల్‌లో బండి చాలాసేపు ఆగింది. నర్సింగం కిటికీ ఊచకు నుదురు ఆనించి కూర్చున్నాడు.

"పల్లీ... ఉడకవెట్టిన పల్లీ..."

నర్సింగం తల తిప్పాడు.

ఎందుకు తిప్పాడో ముందు ఆయనకే తెలియలేదు. పల్లీలవాడు బుట్ట నెత్తిన పెట్టుకుని అవతలి తలుపు దగ్గర ఉన్నాడు. వాడి నోరు తెరుచుకుంది. "పల్లీ..." అని మళ్లీ వచ్చింది. ఆ వెనకే అన్నీ వచ్చాయి. పసిపిల్ల ఏడుపు, బోగీల కింద ఇనుప కీచు, ఎవరో దగ్గడం, చాయ్ గ్లాసుల గలగల, ఇంజన్ కూత. బాయిలోకి నీళ్లు దూకినట్టు దూకాయి. నర్సింగం రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. భయపడి వెంటనే తీసేశాడు. ఇంకా ఉన్నాయి. కాళ్ల వైపు చూసుకున్నాడు. కొత్తగా ఒక్క రవ్వ రాలలేదు. చెవులు ఎందుకు పోయాయో చెప్పలేదు, ఎందుకు వచ్చాయో కూడా చెప్పలేదు. అత్తగారింట్లో అలిగి వెళ్లిన అల్లుడిలాగా వచ్చి కూర్చున్నాయి.

ఆయన చెబుదామని నోరు తెరిచాడు.

"అవ్వా, నీకొకటి చెప్పాలె," అన్నాడు ఎదురు సీట్లో వీరేందర్.

కొడుకు గొంతు అంత బొంగురుగా ఉంటుందని నర్సింగానికి తెలియదు. ఆటో పొగకు మాడిపోయినట్టుంది. తండ్రి ముందు గోడ ముందు మాట్లాడినట్టు మాట్లాడటం వాళ్లకు అలవాటే. వాడు గొంతు తగ్గించలేదు.

"సమ్మక్క కాడ బాపు బెల్లం ఎత్తుకొని నిలవడ్డడు గద? నేను ఎనుక నిలవడి, తల్లీ, మా బాపుకు చెవులు రానియ్యకని మొక్కిన."

"నోర్ముయ్."

"నిజమే అవ్వా. ఆయన ఇయ్యాల గిట్ల ఉన్నడంటే నావల్లనే."

"దేవతలు కొడుకు మాటిని అయ్య చెవులు కొరుక్కతింటరారా, పిచ్చోడా? నాకు ఎప్పుడో ఎరుక. ఊకో."

"ఈసారి గూడ కాకుంటే ఇగ నాకు ఏ దారీ లేదే. పొద్దంత ఆటోల కూసుంటే ఏమనిపిస్తదో తెలుసా? నాతోని చదివినోళ్లు ఎక్కి దిగుతరు, నా మొఖం చూడరు. బాయిల పడి సచ్చినా మంచిదే. నౌకరిల ఉండి సస్త."

వీరేందర్ మోచేతిలో మొఖం దాచుకున్నాడు. నర్సింగం తెరిచిన నోరు అట్లాగే ఉంది. ఐలవ్వ కొడుకు వీపు నిమురుతూ, అలవాటుగా మొగుడి కాళ్ల వైపు చూసింది, ఈ మాటలు ఎంత పెళ్లలై పడ్డాయోనని. అక్కడ ఏమీ లేదు.

ఆమె చేయి ఆగిపోయింది. తలెత్తి మొగుడి కళ్లలోకి చూసింది. నర్సింగం చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"వీరేందర్, పోయి నీళ్లు పట్టుకరా. బండి ఇప్పుడే కదలదు," అంది.

వాడు దిగాడు. ఐలవ్వ పెదవులు కదిలీ కదలకుండా అడిగింది. "ఎప్పటినుంచి?"

"పల్లీలోడు వచ్చినప్పటినుంచి."

"వాడన్నది మొత్తం ఇన్నవా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీ గొంతు ఎప్పుడు ముసలిదైందే?" అన్నాడు.

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాట్లాడక మాట్లాడక తుప్పువట్టింది," అంది చివరికి.

"ఏం జేద్దామే?"

"నన్నడుగుతవేంది? చెవులు నీయి. కొడుకు ఇద్దరిది."

వీరేందర్ నీళ్ల సీసాతో ఎక్కాడు. బండి కదిలింది. కొత్తగూడెం దాకా నర్సింగం కళ్లు మూసుకుని, పట్టాల మీద చక్రాలు చేసే చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఆకలిగొన్నవాడు చివరి ముద్దను నమిలినట్టు విన్నాడు.

* * *

బోర్డు ముందు వరండా నిండా మనుషులు. ఊపిరి ఆడనివాళ్లు, నడుము వంగినవాళ్లు, చూపు మసకబారినవాళ్లు. ప్రతివాడి పక్కనా ఒక కొడుకు. తన రోగం మిగతావాళ్ల రోగాల కన్నా ముదిరిందే అయి ఉండాలని మొక్కని మనిషి ఆ వరండాలో లేడు. దేవుడు ఆ వరండాకు వస్తే ఏం చేయాలో తోచక ఒక బెంచీ మీద కూర్చుండిపోయేవాడు.

వీరేందర్ పేరు రాయించడానికి లైన్లో నిలబడ్డాడు. నర్సింగం భార్య చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్లాడు.

"తిట్టు," అన్నాడు.

"ఏంది?"

"జల్ది తిట్టు. పిలుస్తరు."

ఐలవ్వ ఆయన్ను చూసింది. ఆయన ఏం చేయబోతున్నాడో ఆమెకు అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ అన్నాడు. "పాతవి వద్దు. పాతవన్నీ నాకు వచ్చు. కొత్తయి తిట్టు."

ఆమె మొదలుపెట్టింది. మొదట గొంతు తుప్పు పట్టిన గేటులాగా కిర్రుమంది. తర్వాత పట్టు దొరికింది.

"నిన్ను బర్రెలు తొక్క! ఇంటినిండ మందిని నాకొదిలి, నువ్వొక్కనివే లోపటికి పోయి గడియ పెట్టుకుంటివి! కూరల ఉప్పెక్కువైందో తక్కువైందో చెప్పినవా? నాకు జరమొచ్చి మూలిగితే తిరిగి చూసినవా? మూడేండ్ల సంది మొగుడుండి నేను ముండమోసిన దాన్ని అయితి గదరా! ఇప్పుడు గడప కాడికొచ్చి, మొఖం చూపిచ్చి, మళ్ల పోత అంటున్నవా? సిగ్గులేదా నీకు? నేనెవలితోని మాట్లాడాలె? ఎవలితోని కొట్లాడాలె?"

దవాఖాన పైకప్పు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి భద్రాచలం వైపు ఎగిరిపోయాయి. వరండాలో రోగులు దగ్గడం ఆపారు. బోర్డు ప్యూను పరుగున వచ్చాడు. "ఏందమ్మా, చెవుల్లేని మనిషిని పట్టుకొని గట్ల తిడ్తవ్? దవాఖాన ఇది!" ఐలవ్వ ఆగలేదు. నర్సింగం ఆమె ముందు తల వంచుకుని నిలబడి ఒక్కొక్క మాటనూ లోపలికి తీసుకున్నాడు. ఆయన పాదాల చుట్టూ నేల తుడిచినట్టు ఉంది.

లోపలి నుంచి పిలిచారు. ఐలవ్వ ఇంకా తిడుతూనే ఉంది. ఆయన వెనక్కి నడిచాడు, తలుపు మూసుకునేదాకా ఆమె నోటినే చూస్తూ.

గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మిషన్ల కాగితాలు తిరగేశాడు. అన్నిట్లోనూ చెవులు బాగున్నాయనే ఉంది. "మిషన్ల మాట మిషన్లది. రాలుతుందో లేదో చూద్దాం," అని లేచి, నర్సింగం వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"నీ కొడుకు పేరేంటి?"

ఆ మాట డాక్టరు నోటి నుంచి బయలుదేరడం నర్సింగానికి తెలిసింది. వచ్చి చెవి గడప మీద నిలబడింది. నూనెలు పోయించుకుని, రసాలు పిండించుకుని, తన ఎత్తు బెల్లం తూగించి పిలిచింది ఈ మాటనే. పిలిస్తే వచ్చిన చుట్టంలాగా అది లోపలికి అడుగు పెట్టబోయింది. నర్సింగం దాన్ని రెండు చేతులతో నెట్టినట్టు లోపలి నుంచి నెట్టాడు. అది పోనంది. ఇంకా నెట్టాడు. కదలని పన్ను పీకినట్టు తల మొత్తం నొప్పి పుట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

భుజం మీద వెచ్చగా ఏదో పడింది. జారి నేల మీద దొర్లింది. అది పడిన చప్పుడు ఆయనకు వినపడలేదు.

డాక్టర్లు ముగ్గురూ వంగి చూశారు. పెద్దాయన ముక్కను బూటు కొనతో కదిలించి, తలూపి, కూర్చుని సంతకం పెట్టాడు.

బయట వీరేందర్ తండ్రి కాళ్ల మీద పడ్డాడు. లేచి కౌగిలించుకుని, ఏడుస్తూ, చెవి దగ్గర ఏమేమో చెప్పాడు. వరండా అంతా బొగ్గు. రోగుల వెంట వచ్చినవాళ్లు గబగబా తువ్వాలలు పరిచారు. గేటు ముందు చాయ్ బండి వాడు తట్టతో వచ్చాడు. కొడుకు ఏమన్నాడో నర్సింగం ఎవర్నీ అడగలేదు.

తిరుగు బండిలో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. ఆగాగి తలూపుతున్నాడు.

"బాపు నవ్వుతున్నడే అవ్వా," అన్నాడు వీరేందర్. "నాకు నౌకరస్తదని కుషీ అయితున్నడు."

ఐలవ్వ ఔనంది.

నర్సింగం చెవి తలుపు వేసుకున్నప్పుడు ఐలవ్వ గొంతు లోపలే ఉండిపోయింది. అది బయటికి పోయే దారి లేక, ఆ చీకట్లో గుండ్రంగా తిరుగుతూ, ఆయన్ను తిడుతూనే ఉంది. ఇక ఆ ఇంట్లోకి ఇంకే గొంతూ రాదు.

పక్కనే కూర్చున్న ఐలవ్వకు అది తెలియదు. ఆమె అన్న ఔను ఆయన భుజం మీది నుంచి జారి ఆమె ఒళ్లో పడింది. చీరకు అంటిన మసిని వేలితో తుడుస్తూ, అది ఇంకా పెద్దదవుతుంటే, ఇల్లు చేరేదాకా తుడుస్తూనే ఉంది.